ఒక్కొక్కళ్లం ఉంటేనే సస్తున్నం

ప్రిన్సిపాల్ సారూ, రజితను చేనుకాడి పాకల ఒంటిగ పడేసింది కరోనా కాదు. మీరు. హాస్టల్‌కు తాళమేసి, ఫోన్ల చదువుకోండ్రని ఇంటికి తోలిన మీరు.

రజిత డిగ్రీ రెండో ఏడు. అమ్మ ఏసమ్మ, నాయిన పాల్ పట్నంల అడ్డా కూలీలు. లాక్‌డౌన్‌ల ఖిల్లా ఘణపూర్ దాంక నడిచొచ్చిన్రు. ఊర్ల సిగ్నల్ లేదు, క్లాసు వినాల్నంటే గుట్టెక్కాలె. ఒకనాడు రజిత గుట్టమీది చేన్ల పత్తి ఏరుకుంటనే క్లాసు వింటుంటే, పాఠం చెప్పే సారు కెమెరా తెరువుమన్నడు. తెరిచింది. చదువుకొచ్చినవా, కూలికొచ్చినవా అన్నడు సారు. క్లాసంత నవ్వింది.

అప్పటిసంది రజిత ఎవరితోని మాట్లాడలే. అన్నం రుచి తెలుస్తలేదన్నది. గా ఒక్క మాటకే ఊరు బెదిరింది. రుచి తెల్వకుంటే కరోనానే గద! టెస్టుల ఏం లేదని తేలినా నమ్మలే. పాకల పెట్టిన్రు. గిన్నె దూరంగ పెట్టి మర్లి వొస్తుండ్రు. కన్నతల్లిని గూడ దగ్గరికి పోనియ్యలే.

అంతల్నే కాలేజి నుంచి మెసేజ్: హాజరు తక్కువుంది, పరీక్ష రాయనియ్యం.

మాతోని చదివే నవ్య మాస్కు కట్టుకొని సీదా పాకలకు పోయి రజిత పక్కన కూసుంది. రజిత గోడ దిక్కు చూసుకుంట అన్నది, "రేపు తెల్లారకుంటే మంచిగుండనిపిస్తుందే."

బయట నుంచి పెద్దమనిషి రాములు కసిరిండు. "పిల్లా, అంటుకుంటది, బయటికి రా."

"గిది మాకెప్పుడో అంటుకుంది పెద్దనాయినా. నాకు రాత్రిపూట కన్ను మూతపడక ఎన్నాళ్లాయె. నరేందర్‌ను అడుగు."

బయట మాతోని నిలబడ్డ క్లాసు దోస్తు నరేందర్ ముంగటికొచ్చిండు. ఫోన్ మోగితే తీస్కపోయి గడ్డివాముల దాస్తున్ననన్నడు. ఇంకొకడు, ఇంకొకతె గిట్లనే చెప్పుకొచ్చిన్రు. ఎవరికి వాళ్లం మా పిరికితనమే అనుకున్నం. అందరిదీ ఒకటే రోగమని ఆ పాక ముంగట తెలిసింది.

రజితను ఆటోల వనపర్తి తీస్కపోయినం. దవాఖానల మనసుకు చూసే డాక్టరు లేడు, పట్నం పోండ్రన్నరు. గక్కడికెల్లి సక్కగ కాలేజి గేటుకాడికే పోయి దూరం దూరం కూసున్నం. లొల్లి చేస్తే స్కాలర్‌షిప్ పోతదని ఒకడు గునిసిండు. వస్తే గద పోనీకి అన్నడు నరేందర్.

పోలీసులొచ్చిన్రు. గుమిగూడితే కేసన్నరు.

"ఒక్కొక్కళ్లం ఉంటేనే సస్తున్నం సారూ," అన్నది నవ్య.

ఆమెను, నరేందర్‌ను జీపుల ఎక్కించిన్రు. నవ్య లేచిన జాగల ఏసమ్మ వచ్చి కూసుంది, బిడ్డను ఒళ్లె పండబెట్టుకొని. ఆ ఎనక పాల్. ఆ ఎనక పట్నం అడ్డా నుంచి వాళ్లతోనే నడిచొచ్చిన కూలోళ్లు.

ఇంకా కూసునే ఉన్నం. హాజరు పేరుమీద ఎవ్వరినీ పరీక్ష ఆపొద్దు. హాస్టల్ తెరువుండ్రి. మనసుకు చూసే డాక్టరును వనపర్తికి తోలుండ్రి. జీపుల ఎక్కించిన మావోళ్లిద్దరిని ఇడిపియ్యుండ్రి. రేపు మాపు కాదు, ఇయ్యాల్నే.