గుడ్డకి అంటిన పసుపు

నేను ఒక లక్క బొంగరాన్ని. హాంబర్గ్ నగరంలో, ఒక బొమ్మల దుకాణం బల్ల మీద, నా మీద నేరం మోపారు. రంగు వదులుతానట.

సాక్ష్యం పక్కనే ఉంది. పసుపు మరకతో ఒక తెల్ల గుడ్డ.

నా పుట్టుక చెబుతాను, తర్వాత మీరే తీర్పు చెప్పండి. మాది ఏటికొప్పాక. అంకుడు కర్రని లేత్ మీద తిప్పి నన్ను చెక్కింది పైడితల్లి. తిరుగుతున్న నా ఒంటికి లక్క కడ్డీ ఆనిస్తే, ఆ రాపిడి వేడికి లక్క కరిగి నన్ను పట్టేసింది. ఒళ్ళంతా పసుపు, నడుముకి ఎర్ర గీత. మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరిశాను.

కానీ కొనేవాళ్ళేరీ? ప్లాస్టిక్ బొమ్మలు చవక. పైడితల్లి దగ్గర పనివాళ్ళు కొందరు అప్పటికే విశాఖలో వాచ్‌మన్లుగా చేరిపోయారు. విదేశం నుంచి ఒక్క ఆర్డరైనా రాకపోతే ఇక లేత్‌లు అమ్మేయడమే.

విదేశంలో ఆమెకి ఎవరు తెలుసు? ఎవరూ తెలియదు. అనకాపల్లిలో చిన్న ఎగుమతిదారుల సంఘం ఉంది. కొబ్బరిపీచు డోర్‌మ్యాట్లు చేసే రసూల్ ఆ సంఘం మీటింగులో ఆమె గోడు విన్నాడు.

"హాంబర్గ్‌లో నా మ్యాట్లు కొనే ఓట్టో అని ఒకాయన ఉన్నాడు, ఆయన వీధిలోనే బొమ్మల దుకాణం ఉంది చెల్లీ. ఒక సాంపిల్ పంపు."

ఆ సాంపిల్‌ని నేనే.

బయల్దేరే ముందు పైడితల్లి అత్త నూకాలమ్మ నన్ను చేతిలోకి తీసుకుంది. కొత్త వస్తువు బొట్టు లేకుండా గడప దాటుతుందా? పసుపు రాసి కుంకుమ పెట్టింది. ఎవరూ వద్దనలేదు. అసలు ఎవరూ గమనించలేదు, అంత అలవాటు. దారి పొడుగునా అది చెరిగి నా రంగులో కలిసిపోయింది.

దుకాణం యజమానురాలు హెల్గా ప్రతి బొమ్మనీ తడిగుడ్డతో రుద్ది చూస్తుంది. పిల్లలు నోట్లో పెట్టుకుంటారు కదా, ఆమె తప్పేం లేదు. గుడ్డ పసుపయింది. వద్దని మెయిల్ పెట్టేసింది.

అది నా రంగు కాదని ఎంత అరిచినా బొంగరం మాట ఎవరు వింటారు? మనుషులకి తెలిసినవాడు చెప్పాలి. రసూల్ బతిమాలితే ఆ తెలిసినవాడు మర్నాడు వచ్చాడు. ఓట్టో. గుడ్డ తీసి వాసన చూశాడు. పకపకా నవ్వి రసూల్‌కి వీడియో కాల్ చేశాడు.

"నీ మొదటి లోడు మ్యాట్లకి మీవాళ్ళు పసుపు రాసి పంపారు, గుర్తుందా? నా గోదాం గోడ ఇంకా పసుపే!" అన్నాడు ఇంగ్లీషులో.

తెర మీద రసూల్ పక్కన పైడితల్లి, వెనక నూకాలమ్మ.

"దీనికి పసుపెవరు రాశారు చెల్లీ?"

"మా అత్త. ఏటయిందన్నా?"

"బొట్టెడితే తప్పేటి?" వెనక నుంచి నూకాలమ్మ. "ఆ తెల్లాయన్ని రమ్మను, ఆయనకీ ఎడతాను!"

"నువ్వూరుకో అత్తా! నీ బొట్టుకి మన లేత్‌లే పోయేలాగున్నాయి."



అది రంగు కాదు, పైన రాసిన పసుపని ఓట్టో చెబితే హెల్గా నన్ను సబ్బుతో కడిగింది. కొత్త తెల్ల గుడ్డ తడిపి తెచ్చింది. గట్టిగా రుద్దింది. ఇంకోసారి, ఇంకా గట్టిగా. తెర మీద మూడు మొహాలూ ముందుకి వంగాయి.

గుడ్డ తెల్లగానే ఉంది.

హెల్గా గుడ్డ పక్కన పెట్టింది. నా కాడ పట్టుకుని ఒక్క తిప్పు తిప్పింది. పుట్టాక అంత గొప్పగా ఎప్పుడూ తిరగలేదు నేను. ఆగేదాకా చూసి, ఆర్డరిచ్చింది.

చిన్న ఆర్డరు. దానికోసం కంటెయినర్ మాట్లాడితే మిగిలేది సున్నా. "నా మ్యాట్ల పక్కన సర్దేద్దాం" అన్నాడు రసూల్.

ఇప్పుడు నేను ఈ దుకాణం అద్దాల బీరువాలో ఉన్నాను. మొన్న పెట్టెలు వచ్చాయి. లోపల నా తోబుట్టువులు, ఒంటి మీద మచ్చ లేకుండా. ఒక్క పెట్టె మూత మీద మాత్రం, సరిగ్గా నడిమధ్యన, పసుపు. దాని మీద కుంకుమ.

హెల్గా దాన్ని వేలితో తాకింది. వేలు పచ్చబడింది. ఈసారి తెల్ల గుడ్డ కోసం వెతకలేదు. వాసన చూసుకుని, నవ్వి, పెట్టె విప్పింది.