దొరగారి పస్తు

మిషను మీద నాలుగు కుట్లు పడేలోపు కోడలు రెండుసార్లు లేచింది. గాజు తొట్టిలో దొరగారు పక్కకు ఒరిగి నీటిపైన తేలుతున్నారు. దొరగారంటే నీలం రంగు ఫైటర్ చేప. తోకను పట్టు శాలువాలా ఈడ్చుకుంటూ తిరిగేవారు కాబట్టి ఆ పేరు. ఇప్పుడా దర్జా లేదు. పొట్ట మాత్రం బఠాణీ మింగినట్టు ఉబ్బింది.

చేప పోతే ఇంకోటి తెచ్చుకోవచ్చు, నిజమే. కానీ అత్తగారు పోయాక మామయ్య నోరు విప్పి మాట్లాడేది దానితోనే. కొడుకుతో ఊఁ, కోడలితో ఆఁ. దొరగారితో మాత్రం వాన సంగతీ, మోకాలి నొప్పి సంగతీ. అదీ పోతే ఆయన మళ్లీ గోడవైపు తిరిగి పడుకుంటాడని ఆమె భయం.

ఎవరో బూజు జబ్బన్నారు. నీలం మందు చుక్కలు వేసింది. ఇంకెవరో ఉప్పన్నారు. అదీ వేసింది. ఫోన్లో చదివితే లోకంలో ఉన్న రోగాలన్నీ ఆ ఒక్క చేపకే ఉన్నట్టనిపించింది. కాలు కాలిన పిల్లిలా తొట్టికీ మిషనుకూ మధ్య తిరగడంలో ఎవరిదో జాకెట్టుకు కుడి చెయ్యి ఎడమవైపు కుట్టేసి, మళ్లీ విప్పుకుంది.

చివరికి చేపలమ్మే అతనికి ఫోన్ చేసింది.

“పైనుంచి చూడండి. పొలుసులు విచ్చుకుని లేచాయా?”

“లేదు, నున్నగానే ఉన్నాయి.”

“దొడ్డికి వెళ్తోందా?”

“ఎక్కడా కనబళ్లేదు.”

“అయితే మేత ఎక్కువై కడుపు బిగిసినట్టుంది. మందులు ఆపేసి, నీళ్లు కొంచెం కొంచెంగా మార్చండి. గోరువెచ్చగా ఉండాలి. లోతు తగ్గించండి, పైకొచ్చి గాలి పీల్చుకోవడం తేలికవుతుంది. రెండు మూడు రోజులు మేత బంద్. ఇంతకీ ఎన్నిసార్లు వేస్తున్నారేంటి?”

చూసి చెబుతానని ఆమె ఫోన్ పెట్టేసింది. మేత వేసేది మామయ్య. చేప నీరసపడ్డకొద్దీ “తిను నాన్నా, తింటేగా ఓపికొచ్చేది” అంటూ ఇంకో చిటికెడు వేయడం ఆమె రోజూ చూస్తూనే ఉంది. ముద్దు చేస్తున్నాడనుకుంది.

మీ చేతి మేతే దాని ప్రాణం మీదికి తెచ్చిందని ఆ మనిషితో ఏ నోటితో చెప్పాలి? చాలాసేపు తొట్టి దగ్గర తచ్చాడి, ఆ తప్పేదో తన నెత్తినే వేసుకుంది.

“మామయ్యా, నేనే మేత ఎక్కువ వేసేశాను. కొన్నాళ్లు పస్తుంచాలట.”

ఆయన చేపను చూశాడు, ఆమెను చూశాడు. చొక్కా జేబులోంచి మేత డబ్బా తీశాడు.

“ఇది నా దగ్గరుంటే నువ్వెప్పుడు వేశావమ్మా?”

కోడలు తొట్టివైపు తిరిగింది.

“మీ అత్తయ్య చివర్లో ఒక్క ముద్ద ముట్టలేదు. బతిమాలాను, కోప్పడ్డాను. చెంచా చూస్తే మొహం తిప్పేసేది.” ఆయన తొట్టి గాజు మీద వేలితో తట్టాడు. “ఇదేమో నన్ను చూడగానే నోరు తెరుచుకుని వచ్చేది. చెయ్యెలా ఆగుతుంది?”

డబ్బా ఆమె చేతిలో పెట్టాడు. “నీ దగ్గరుంచు. నేనడిగినా ఇవ్వకు.”

సాయంత్రంలోగా రెండుసార్లు అడిగాడు. ఆమె ఇవ్వలేదు. దొరగారు ఇంకా ఒరిగే ఉన్నారు. కాసేపు గదంతా తిరిగి తిరిగి, ఆయన కుర్చీ లాక్కొచ్చి మిషను పక్కన వేసుకున్నాడు. అత్తయ్య ఆ రోజుల్లో ఏమేం వండిస్తే ఏమేం వద్దందో ఒక్కొక్కటీ చెప్పసాగాడు. కోడలు మిషను ఆపి విన్నది.