డబ్బా నిద్ర లేచే వేళ

సంచి అడుగున పాత దుప్పటి మడతపెట్టి పరిచాను. దాని మీద కంప్యూటర్ డబ్బాను పడుకోబెట్టి, పక్కల్లో తువ్వాళ్ళు కుక్కాను. అద్దం ఉన్న వైపు దిండు పెట్టాను. మనవరాలు గుమ్మంలో నిలబడి నవ్వింది.

"నానమ్మా, మనం వెళ్ళేది వీధి చివరి షాపుకి. కాపురానికి పంపుతున్నట్టు సర్దుతున్నావు."

"నీ వెటకారం తర్వాత. ముందు జిప్పు పడుతుందో లేదో చూడు."

ఈ సంచికి జోడు ఇంకొకటి ఉండేది. రెండూ నా కొడుకు ఒకేసారి కొన్నాడు. వాడు పడవల మీద ఇంజన్లు బాగుచేసే మెకానిక్కు. రేవులోనే పని, సాయంత్రానికి ఇల్లు చేరేవాడు. ఒక్కసారి మాత్రం నాలుగు రోజుల పని పడి, ఆ జోడు సంచి పట్టుకుని సముద్రం మీదికి వెళ్ళాడు. దాన్ని సర్దింది నేనే. పడవ మునిగిందన్నారు. వాడు దొరకలేదన్నారు. దొరకలేదంటే లేడని కాదు కదా, అని నేను పట్టుకుని కూర్చున్నాను. కోడలు అవునూ అనలేదు, కాదూ అనలేదు.

డబ్బా వాడిదే. పని నుంచి రాగానే చెప్పులైనా విప్పకుండా దాని ముందు కూర్చుని ఆటలాడేవాడు. ఇప్పుడు కూతురు ఆడుతోంది. కొత్త ఆటలు డబ్బాకి మోయలేని బరువయ్యాయి. ఆటలోని మనిషి తలుపు దాకా వచ్చి, లోపలికి రావాలా వద్దా అన్నట్టు బిగుసుకుపోతున్నాడు. గుమ్మంలో ఆగిపోయిన మనిషిని చూడటం నాకూ బాగుండేది కాదు. కొత్త కంప్యూటర్ మా తాహతుకు మించిన మాట. మిగతాదంతా అలాగే ఉంచి ప్రాసెసర్ ఒక్కటి మారిస్తే ఇంకొన్నాళ్ళు లాగుతుందని పిల్ల ఎక్కడెక్కడో చదివి తేల్చింది. డబ్బా లోపల అన్నిటినీ కలిపే బోర్డు ఉంటుందట, అందులోనే కూర్చోగలిగేది, ఎవరో వాడి తీసేసింది, షాపులో దొరికింది.

నా భయం వేరు. ఆ డబ్బా రోజూ సాయంత్రం ఆరున్నరకి ఎవరూ ముట్టుకోకుండానే లేస్తుంది. ముందు ఫ్యాను ఊపిరి తీసుకున్నట్టు చిన్న చప్పుడు, ఆ వెనక ఖాళీ గదిలో నీలం వెలుగు. వాడు ఇల్లు చేరే వేళ అది. వాడు వెళ్ళాక కూడా లేస్తూనే ఉంది. ఎందుకు లేస్తుందో నేను ఎవరినీ అడగలేదు. అడిగితే చెప్పేస్తారని భయం. ఆ వేళకు వెళ్ళి, వాడు కూర్చోవడానికి వీలుగా కుర్చీ కాస్త వెనక్కి లాగి వస్తాను. కాసేపటికి అది మళ్ళీ నిద్రపోతుంది.

షాపుకు నేనూ వెళ్ళాను. దాన్ని ఒంటరిగా పంపడానికి మనసొప్పలేదు.

"పెద్దమ్మ కూడా వచ్చారే! ఆపరేషన్‌కి సంతకం పెట్టడానికా?" అన్నాడు రిపేరు అతను, సంచిలో దిండు చూసి.

"బుర్ర మారుస్తారట కదా బాబూ. బుర్ర మారితే వెనకటి సంగతులు గుర్తుంటాయా?"

"ఇది లెక్కలు కట్టే బుర్ర, అంతే. గుర్తుండేవన్నీ డిస్కులో ఉంటాయి. దాని జోలికి నేను పోను."

మనవరాలు నా మోచెయ్యి నొక్కింది. "విన్నావుగా నానమ్మా? ఏమీ పోదు."

అతను మూత విప్పి దుమ్ము ఊదాడు. ఇది నా కొడుకు నాటి దుమ్ము అనిపించి ముఖం తిప్పుకోలేకపోయాను.

"ముందు బోర్డుకి కొత్తదాన్ని పరిచయం చెయ్యాలి. లేకపోతే ముక్కూ మొహం తెలీని మనిషని గడప తొక్కనివ్వదు," అంటూ అతను బోర్డుని అప్‌డేట్‌కి పెట్టాడు. "బోర్డు సెట్టింగులు మొదటికొస్తాయి. పర్లేదా అమ్మాయ్?"

"పర్లేదంకుల్. వాటినెప్పుడూ ముట్టుకోలేదు."

పాత ప్రాసెసర్‌ను నా అరచేతిలో పెట్టాడు. ఇంత పెద్ద డబ్బానూ నడిపించింది ఆ బిళ్ళేనట. దాని మీది అక్షరాలు కూడబలుక్కుని చదివి, కొంగున ముడేసుకున్నాను.

పొద్దుండగానే ఇల్లు చేరాం. ఆటలోని మనిషి ఈసారి గుమ్మాల్లో ఆగలేదు, గాలిలా దూసుకుపోయాడు. పిల్ల కేకలు పెట్టి, కడుపునిండా ఆడి, డబ్బా ఆపేసి పెరట్లోకి వెళ్ళింది.

ఆరున్నర అయింది. కుర్చీ మీద చెయ్యి వేసి నిలబడ్డాను. చప్పుడు లేదు, వెలుగు లేదు. గది నల్లబడుతోంది.

వెనక అలికిడైంది. కోడలు, తడి చేతులతో.

"అత్తయ్యా... లేవలేదేం?"

రోజూ ఆ వేళకు వంటింట్లో కుళాయి అంత జోరుగా పారేది ఆ చప్పుడు వినలేకేనని అప్పుడర్థమైంది. ఈలోగా పిల్ల పరుగున వచ్చింది. మమ్మల్నిద్దరినీ చూసి గుమ్మంలోనే ఆగింది.

"మీరూ వినేవాళ్ళా?" అంది. తర్వాత దాని మొహం పాలిపోయింది. "అది నాన్న పెట్టిన అలారం నానమ్మా. తను వచ్చేసరికి రెడీగా ఉండాలని. డిస్కులో ఉందనుకున్నాను. బోర్డులో పెట్టినట్టున్నాడు. నేనే... పర్లేదన్నాను."

"ఊరుకో. నీకేం తెలుసు?" అంది కోడలు.

"మళ్ళీ పెట్టేస్తాను. చిటికెలో పని. ఆరున్నరకేగా?"

ఇద్దరూ నా వైపే చూశారు. అది పెడితే రేపు మళ్ళీ వెలుగు వస్తుంది. నేను మళ్ళీ కుర్చీ లాగుతాను. ఇవతల ఈ పిల్ల, తండ్రి వచ్చే వేళను తన చేత్తో పెట్టి, వాడు రాని సాయంత్రాలన్నీ నాతో పాటు లెక్కపెట్టుకుంటుంది.

"వద్దే చిట్టీ," అన్నాను. "ఆడుకోవాలన్నప్పుడు నువ్వే లేపుకో."

"మరి నాన్న..."

కుర్చీని బల్ల కిందికి నెట్టేశాను. లైటు వేసి, ఇంత కాలం ఆ ఇంట్లో ఎవరూ అనని మాట నేనే అన్నాను. "మీ నాన్న ఇక రాడు."

నా కొడుకు తిరిగి రాలేదు. మూడేళ్ళ కిందట, వానలు మొదలైన వారంలో, బుధవారం పొద్దున వెళ్ళాడు.