దేవిశ్రీ స్కూటీ బడి

చోడవరంలో ఆడవాళ్లకు స్కూటీ నేర్పుతానని దేవిశ్రీ బోర్డు కట్టిన రోజు, ముందు నవ్వింది ఇంట్లోవాళ్లే. "బండి నేర్పడం కూడా బిజినెస్సేటే?" అన్నాడు పెదనాన్న బంగార్రాజు, చెరుకు తోట నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ. అనకాపల్లి బట్టల షాపులో ఏళ్ల తరబడి నిలబడి ఉద్యోగం చేసి వచ్చిన దేవిశ్రీ, "సూద్దాం పెదనాన్నా" అని ఊరుకుంది.

ఊరి చివర ఖాళీగా పడి ఉన్న లేఅవుట్‌లో, యజమానిని అడిగి, తన పాత స్కూటీతోనే మొదలుపెట్టింది. కొన్నాళ్లు ఎవరూ రాలేదు. తర్వాత అంగన్‌వాడీలో ఆయాగా చేసే చిన్నతల్లి వచ్చింది. ఆమెను చూసి మరో ఇద్దరు ధైర్యం చేశారు.

ఒక ఉదయం చిన్నతల్లి కంగారులో బ్రేకు వదిలేసి యాక్సిలరేటర్ తిప్పేసింది. బండి పక్కనున్న మట్టిగట్టు మీదికెక్కి పడిపోయింది. ఆమె మణికట్టు విరిగింది.

దేవిశ్రీ ఆమెను ఆస్పత్రిలో చూపించి, ఇంటి దగ్గర దింపి వచ్చేసరికి ఆటోస్టాండు పెద్ద గణపతిరావు నలుగురిని వెంటేసుకుని లేఅవుట్‌లో నిలబడి ఉన్నాడు. "ఆడోళ్ల సేతులిరగ్గొట్టడానికా నీ స్కూలు? మూసెయ్!" అన్నాడు. ఆడవాళ్లు బండ్లు నేర్చుకుంటే ఆటోలెక్కేవాళ్లు తగ్గుతారన్నదే ఆయన అసలు బాధ. అది దేవిశ్రీకీ తెలుసు. ఆమె కళ్లముందే బోర్డు పీకి కాలవలో పారేశారు.

మిగిలిన ఇద్దరూ మానేశారు. దేవిశ్రీ బస్టాండు దగ్గర టిఫిన్ కొట్టు నడిపే మంగాయమ్మ దగ్గరికెళ్లి కూలబడింది.

"మానేస్తాను పిన్నీ."

మంగాయమ్మ పెనం మీద నీళ్లు చిలకరిస్తూ అడిగింది. "ఆ చిన్నతల్లి గుంటకి బ్రేకు సరిగ్గా నేర్పేవా?"

దేవిశ్రీ తల వంచుకుంది. "తొందరపడ్డాను. మొదటి రోజే నడిపించీసేను."

"అయితే ఆ తప్పు దిద్దుకో. ముందు ఆ పిల్ల గుమ్మంలోకెళ్లి నిలబడు. తిడతారు, తిట్టించుకో. రేపు మాత్రం టైముకి బండి తియ్యి. ఎవులూ రాకపోయినా తియ్యి. నా కొట్టు పెట్టిన కొత్తలో పిండంతా పారబోసుకున్న రోజులున్నాయే. అయినా పొయ్యి ఎలిగించడం మాన్లేదు. ఒక్క పూట తలుపేసేవంటే ఊరు నిన్ను మర్సిపోద్ది."

చిన్నతల్లి మొగుడు నిజంగానే తిట్టాడు. దేవిశ్రీ అంతా విని, "కట్టు ఇప్పేదాకా దాన్ని అంగన్‌వాడీ సెంటరుకి నేనే తీసుకెళ్తాను అన్నయ్యా" అంది. అన్నట్టే రోజూ వెనక కూర్చోబెట్టుకుని మెయిన్ రోడ్డు మీదుగా తీసుకెళ్లింది. తర్వాత లేఅవుట్‌కి వెళ్లి, ఎవరైనా వస్తారేమోనని కాచుకునేది. వచ్చినవాళ్లకు ముందు ఇంజను ఆపి, బండి తోయడం, బ్రేకు పట్టడం మాత్రమే నేర్పేది. అవి చేతికి అలవాటయ్యాకే తాళంచెవి ఇచ్చేది.

ఒక రోజు గణపతిరావు నడిరోడ్డు మీద బండికి అడ్డం నిలబడ్డాడు. "ఇంకా మాన్లేదేటి నువ్వు?"

చిన్నతల్లి వెనక కూర్చునే ఉంది. దేవిశ్రీ బండి దిగలేదు.

"మానను బాబూ. నా తప్పు నేను దిద్దుకున్నాను. మీ ఆటోలు బోల్తాపడితే స్టాండు మూసేసేరేటి? బోర్డు పీకేరు, మళ్లీ కడతాను. అదీ పీకండి, ఇంకోటి కడతాను. పీకి పీకి మీ సేతులు నొప్పెట్టాలి గానీ నేను మాత్రం ఆపను."

"కట్టు ఇప్పగానే ముందు నడిపేది నేనే," అంది చిన్నతల్లి వెనక నుంచి. పక్కన కూరగాయలమ్మే ఆడవాళ్లు పెద్దగా నవ్వారు. గణపతిరావు పక్కకు జరిగాడు.

కట్టు విప్పాక చిన్నతల్లి లేఅవుట్ చుట్టూ ఒక్కతే బండి నడిపి, బ్రేకు పట్టి ఆపి, దిగి ఏడ్చింది. ఆ నెలలో కూరగాయలమ్మే వాళ్లలోనే ముగ్గురు చేరారు. దేవిశ్రీ ఇంకో పాత బండి చూసుకోవాల్సి వచ్చింది.

ఆ పనిలో ఉండగానే దేవరాపల్లి నుంచి ఎవరో ఫోన్ చేశారు. "మాది పొదుపు సంఘమండీ. మా ఊరొచ్చి నేర్పుతారేటి?"

"చదునైన జాగా సూసి పెట్టండి," అంది దేవిశ్రీ. "ఆదివారం పొద్దున్నే వచ్చీస్తాను."