ఎదురుగా పది నిమిషాలు

గిరీష్‌కి ఒక చోట కూర్చోవడం చేతకాదు. రోజుకి పదకొండు గంటలు హైటెక్ సిటీలో కుర్చీలోనే ఉంటాడు, కాదనను. కానీ కుర్చీలో ఉండటం వేరు, కూర్చోవడం వేరు. మోకాలు ఆడుతూ ఉంటుంది, బొటనవేలు ఫోన్ మీద పాకుతూ ఉంటుంది, ఒక కన్ను మీటింగ్ మీద, ఇంకో కన్ను మెయిల్ మీద. భోంచేసి లేచాక ఏం కూర తిన్నావంటే ప్లేటు వంక చూసి చెప్పాలి. "ఈయప్పను పెండ్లి చేసుకుని పన్నెండేండ్లయింది, ఇంతవరకు ఒక్క మాట పూర్తిగా ఇన్న పాపాన పోలేదు. సగం నేను చెప్తా, మిగతా సగం తనే చెప్పుకుంటాడు" అని భార్య హరిత ఇంటికి వచ్చిన వాళ్ళందరితో నవ్వుతూ అనేది. చెన్నకేశవులుకి పక్షవాతం రాకపోయుంటే అది అలా నవ్వులాటగానే గడిచిపోయేది.

చెన్నకేశవులు గిరీష్ తండ్రి. ప్రొద్దుటూరు డిపోలో ముప్ఫై రెండేళ్ళు బస్సు కండక్టరు. మనిషి బస్సెక్కితే చాలు, చేతిలో టికెట్ పెట్టేలోపు వాళ్ళ ఊరేదో, ఏం పంట వేశారో, కోడలికి ఎన్నో నెలో అన్నీ రాబట్టేవాడు. భార్య పోయాక కొండాపూర్‌లో కొడుకు దగ్గరికి వచ్చేశాడు. వచ్చిన నెల్లోనే, గిరీష్‌కి ఆరేళ్ళలో పేరు తెలియని ఇరుగుపొరుగంతా ఆయనకి చుట్టాలైపోయారు. అలాంటి నోరు ఉగాదికి ముందు వారం ఒక పొద్దున మూతపడింది. మెల్లమెల్లగా కుడికాలు కదిలింది, కుడిచెయ్యి కొంచెం లేచింది. మాట మాత్రం రాలేదు. అర్థం కాక కాదు, ఎదుటివాళ్ళు చెప్పేదంతా తెలుస్తుంది. తను చెప్పాల్సింది కూడా లోపల ఉంది. పదమే దొరకదు. ఒక్కో పదం కోసం అర నిమిషం, ఒక్కోసారి నిమిషం, పెదాలు కదుపుతూ వెతుక్కుంటాడు.

ఆ నిమిషం చూడండీ, అది గిరీష్ వల్ల అయ్యేది కాదు. అందుకని తనే అందించడం మొదలుపెట్టాడు. తండ్రి నోరు తెరవడం ఆలస్యం, "నీళ్ళు కావాల్నా? టీ తెమ్మందునా? పడుకుంటావా?" అని వరసగా పెట్టేవాడు. ఏదో ఒకదానికి తండ్రి తల ఊపేవాడు. పని అయిపోయేది. అంతటితో ఆగాడా! ఒక శనివారం కూర్చుని టాబ్లెట్‌లో పద్దెనిమిది బొమ్మలతో ఒక యాప్ తయారుచేశాడు. గ్లాసు బొమ్మ నొక్కితే నీళ్ళు, మంచం బొమ్మ నొక్కితే నిద్ర. ఆఫీసులో నలుగురికీ చూపించి భేష్ అనిపించుకున్నాడు. నాయనకి ఏం కావాలో తొంభై శాతం తను ముందే చెప్పగలనని లోలోపల గర్వం కూడా.

ఆ గర్వం మాటలు నేర్పే డాక్టరమ్మ స్రవంతి దగ్గర దిగిపోయింది. సిద్దిపేట అమ్మాయి, వారానికి రెండుసార్లు ఇంటికి వచ్చేది. జూన్ మొదటివారంలో ఒకరోజు ఆ యాప్‌ని, దాన్ని ముట్టుకోకుండా కూర్చున్న చెన్నకేశవుల్ని కాసేపు చూసి, గిరీష్ వైపు తిరిగింది.

"సార్, మీరు రోజు ఎట్ల అడుగుతరో గట్లనే అడుగుండ్రి, చూస్త."

గిరీష్ అడిగాడు. నీళ్ళా అంటే తండ్రి తల ఊపాడు. టీనా అన్నా ఊపాడు. పడుకుంటావా అన్నా ఊపాడు.

"ఇప్పుడు అదే స్పీడ్‌ల, రేపు చంద్రుని మీదికి పోదామా అని అడుగుండ్రి."

గిరీష్ నవ్వుతూ అడిగాడు. చెన్నకేశవులు తల ఊపాడు. గిరీష్ నవ్వు సగంలో ఆగిపోయింది.

స్రవంతి తన కుర్చీ పెద్దాయన ముందుకు జరుపుకుంది. అదే ప్రశ్న నింపాదిగా అడిగి ఊరుకుంది. గోడగడియారం టిక్కుటిక్కుమంటోంది. చెన్నకేశవులు ఆమె ముఖంలోకి చూశాడు, కనుబొమలు ముడిచాడు, తర్వాత మూతి ఒక పక్కకి పెట్టి నవ్వుతూ ఎడమచేత్తో గాలిని తోసేశాడు. ఏం పిచ్చి ప్రశ్న అమ్మా అన్నట్టు.

"సూసిన్రా? అన్ని సమజైతున్నయ్. మీతోని ఎందుకొచ్చిన లొల్లి అని తల ఊపుతుండు, గంతే" అంది స్రవంతి. తర్వాత బయట లిఫ్ట్ దగ్గర అసలు సంగతి చెప్పింది. మాట తిరిగి రావడానికి ఇంకో మూడు నెలలు మంచి సమయం. ఈలోగా నోరు తెరిచి తన మాట తను వెతుక్కుంటేనే వస్తుంది. "లేకుంటే ఇగ తల ఊపుడే ఖాయమైతది సార్. రోజు పది నిమిషాలు ఎదురుంగ కూసోండ్రి. ఫోన్ వేరే రూముల వెట్టుండ్రి. మాట అందియ్యకుండ్రి. మీరు జేసేది అదొక్కటే, ఊకె కూసునుడు."

ఊరికే కూర్చోవడం! ఇంకేదైనా చెప్పి ఉంటే గిరీష్ క్షణాల్లో చేసిపెట్టేవాడు.

మర్నాడు పొద్దున్న కూర్చున్నాడు. "ఈ..." అన్నాడు తండ్రి. గిరీష్ పళ్ళు బిగించాడు. "ఈ..." అన్నాడు మళ్ళీ. గిరీష్‌కి నిప్పుల మీద కూర్చున్నట్టుంది. "ఈ పొద్దు ఎండ జాస్తి ఉంది కదా నాయనా, ఏసీ ఎయ్యాల్నా?" అనేశాడు. చెన్నకేశవులు ఒక్క క్షణం కొడుకుని చూసి, తల ఊపాడు. అంతా కలిపి నలభై సెకన్లు. నిన్నటిదాకా పని అయిపోయిందని సంబరపడిన ఆ తల ఊపడాన్నే ఇవాళ గిరీష్ చూడలేకపోయాడు. తన తండ్రి నోరు తనే మూస్తున్నాడు.

అతని కంపెనీ మహా దయగలది. మార్చిలో టీమ్‌లో సగం మందిని ఇంటికి పంపేసి, మిగిలిన సగానికి జూన్‌లో ధ్యానం నేర్పిస్తామని మెయిల్ పెట్టింది. ఆ మార్చి సంగతి గిరీష్ ఇంట్లో చెప్పలేదు. నాయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు చెప్పడమెందుకనుకున్నాడు, తర్వాత చెప్పే పొద్దు రాలేదు. ఫోన్ మోగినప్పుడల్లా ఇది తన వంతేమోనని గుండె గుభేలుమనడం మాత్రం రోజూ ఉండేది. మరో రోజైతే ఆ మెయిల్ చదివి తిట్టుకునేవాడే. ఇప్పుడు అవసరం తనది. ఆఫీసు నాలుగో అంతస్తుకి వెళ్ళి చాప మీద కూర్చున్నాడు.

నేర్పడానికి వచ్చినావిడ పార్వతమ్మ. మియాపూర్‌లో ఉంటుంది, సర్కారు బడిలో లెక్కల పంతులమ్మగా చేసి రిటైరైంది. కాషాయాలు, రుద్రాక్షలు ఏమీ లేవు. కళ్ళజోడు, నేత చీర, చేతిలో మంచినీళ్ళ సీసా. కళ్ళు మూసుకోండి, ఊపిరి వచ్చేది పోయేది చూడండి అంది, అంతే. ఇంటి దగ్గర సాధన చేసుకోవడానికి తన గొంతుతో చెప్పిన ఇరవై నిమిషాల రికార్డింగ్ ఒకటి అందరికీ పంపింది.

వారం తర్వాత గిరీష్ క్లాస్ అయ్యేదాకా ఆగి ఆవిడ దగ్గరికి వెళ్ళాడు. "మేడం, ధ్యానం నా ఒంటికి పడలేదు. చేసిన ప్రతిసారీ తల తిరుగుతోంది, గుండె దడ."

"ఎట్ల జేస్తున్నవ్?"

గిరీష్ ఫోన్‌లో చూపించాడు. పార్వతమ్మ గొంతు ఉడుతలాగా కిచకిచమంటూ లోపలికి పీల్చండి బయటికి వదలండి లోపలికి పీల్చండి అని ఊపిరాడకుండా తరిమింది. కంపెనీ ట్రైనింగ్ వీడియోలన్నీ రెండింతల వేగంతో చూసే అలవాటు అతనిది, దీన్నీ అలాగే పెట్టుకున్నాడు. ఆ పరుగుకి తగ్గట్టు పాపం నిజంగానే ఊపిరి పీల్చాడు.

పార్వతమ్మకి నవ్వాగలేదు. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది. "ఓరి నీ కడుపు సల్లగుండ! సరే, ఇరవై నిమిషాలది పది నిమిషాలల్ల ఒడగొట్టినవ్. మిగిలిన పదిల ఏం జేసినవ్?"

గిరీష్ ఆలోచించాడు. "మెయిల్ చూశాను."

ఆవిడ ఈసారి నవ్వలేదు. ఏమైందో చెప్పమంది. గిరీష్ తండ్రి సంగతి చెప్పాడు, నలభై సెకన్ల సంగతి కూడా చెప్పాడు. మనసు కదలకుండా పట్టి ఉంచే కిటుకేదైనా ఉంటే చెప్పమన్నాడు.

"కిటుకు లేదు బిడ్డా. మనసు పోతది. నాది గూడ పోతది, ఇప్పుడే పోయింది, పొయ్యి మీద పాలు వెట్టి వచ్చిన్నా ఏందీ అని. పోయిందని ఎరికైందా, మల్ల వచ్చి కూసో. నువ్వు తిరిగొచ్చుడే ధ్యానం, కట్టేసుడు కాదు."

"ఎన్నిసార్లు రావాలి?"

"నూరుసార్లు పోతే నూరుసార్లు."

ఇంతేనా అని గిరీష్‌కి నీరసం వచ్చింది. అయినా ఇంకో దారి లేక పట్టుకున్నాడు. పొద్దున్నే ఇరవై నిమిషాలు ఊపిరితో, తర్వాత పది నిమిషాలు తండ్రితో. హరిత అతని ఫోన్‌ని పడగ్గదిలో దుప్పట్ల కింద దాచేది. "దాన్ని నిద్ర పుచ్చినా, నువ్వు పోయి మీ నాయన్ను లేపు" అనేది. మనసు మీటింగ్‌కి పోయేది, వచ్చేవాడు. లింగంపల్లి ట్రాఫిక్‌కి పోయేది, వచ్చేవాడు. నాలుగో రోజు తండ్రి "కాకి" అన్నాడు. నిజంగానే బాల్కనీ కడ్డీ మీద కాకి ఉంది. పదకొండో రోజు ఇడ్లీ ప్లేటు చూసి "వద్దు" అన్నాడు. ఆ వద్దుకి హరిత పండగ చేసుకుని అప్పటికప్పుడు బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసిపెట్టింది.

అంతా అలా సాఫీగా సాగితే ఇంకేం. జూలైలో ఒకరోజు ఆఫీసులో ఏదో కొంప మునిగే పని. తండ్రి ఒక మాట సగం దాకా లాక్కొచ్చాడు, "మం... మం..." అంటున్నాడు. గిరీష్ నోరు అతన్నడగకుండానే "మందులా? ఏసుకున్నావుగా నాయనా" అనేసింది. చెన్నకేశవులు నోరు మూసుకున్నాడు. కుర్చీలోనే పక్కకి తిరిగి గోడ వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆ రోజంతా, మర్నాడు, ఆ మర్నాడు కూడా పెదవి విప్పలేదు. స్రవంతి వచ్చినా విప్పలేదు. గిరీష్ స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడ్చాడు. మూడు నెలల్లో అప్పుడే సగం అయిపోయింది.

అయినా రోజూ కూర్చున్నాడు. ఆ నాలుగు రోజులూ పది నిమిషాలు తండ్రి గోడని చూశాడు, కొడుకు తండ్రిని చూశాడు. తప్పు చేశాను నాయనా అని కూడా అనలేదు, అది కూడా తండ్రి నోటికి అడ్డం పడుతుందేమోనని.

అయిదో రోజు గిరీష్‌కి పదిన్నరకి మేనేజర్‌తో మీటింగ్ అని కబురు వచ్చింది. ఎందుకో అందులో రాయలేదు. మార్చిలో పోయినవాళ్ళకి కూడా ఎందుకో రాయలేదు. ఏడున్నరకి తండ్రి ఎదురుగా కూర్చున్నాడు గానీ, మనిషి ఇక్కడ లేడు. మనసులోనే పదిన్నరకి వెళ్ళి కూర్చున్నాడు, బ్యాడ్జ్ తీసి ఇచ్చేశాడు, హరితకి ఏం చెప్పాలో అనుకున్నాడు. పోయానని తెలిసింది, వచ్చాడు. తండ్రి ముఖం. నెరిసిన గడ్డం. లోపల దుప్పట్ల కింద ఫోన్ గుర్రుమంది, మళ్ళీ పోయాడు. తెలిసింది, వచ్చాడు. అప్పుడు చూశాడు, తండ్రి గోడ వైపు లేడు. తిన్నగా తన వైపే చూస్తున్నాడు.

"నిన్ను..." అన్నాడు చెన్నకేశవులు.

నిన్ను పిలిచినారా, నిన్ను చూడాలనుందా, నిన్ను విసిగిస్తున్నానా. గిరీష్ నాలుక మీదికి పది మాటలు ఎగబడ్డాయి. ఒక్కటీ బయటికి రానివ్వలేదు. ఊపిరి లోపలికి వచ్చింది, బయటికి పోయింది.

"ఎవు..." పెదాలు కదిలాయి. మెడ నరం ఉబ్బింది. గిరీష్ చూస్తూనే ఉన్నాడు. "ఎవురు..."

కింద చెత్త బండి వచ్చి పాట పెట్టుకుని వెళ్ళిపోయింది. హరిత వంటగది గుమ్మంలో గరిట పట్టుకుని నిలబడిపోయింది. చెన్నకేశవులు కళ్ళు మూసుకుని, తెరిచి, ఎడమచేత్తో కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"తరుం... తరుముతాండారు... రా?"

నిన్ను ఎవురు తరుముతాండారు రా. నాలుగు నెలల తర్వాత నోటి వెంట వచ్చిన మొదటి పూర్తి మాట. అందులో నీళ్ళు లేవు, టీ లేదు, మందు లేదు. గిరీష్ జన్మలో అందించగలిగిన మాట కాదది. ఇన్నాళ్ళూ నాయనకి ఏం కావాలా అని వెతికాడు గానీ, ఆయన కూర్చుని తననే చూస్తున్నాడని గిరీష్‌కి తట్టనే లేదు.

"ఏం లేదు నాయనా" అనే మాట రెడీగా ఉంది, నోటి చివరే ఉంది. గిరీష్ దాన్ని మింగేశాడు. మింగేశాక ఇంకేమీ మిగల్లేదు. చెప్పాలనుంది, నోరు తెరిచాడు, పదం దొరకలేదు. మళ్ళీ తెరిచాడు. కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. చెన్నకేశవులు కంగారు పడలేదు, ఓదార్చలేదు. కొంచెం ముందుకు వంగి కొడుకు ముఖం వంకే చూస్తూ కూర్చున్నాడు.

"ఉద్యోగం..." అన్నాడు గిరీష్. చాలాసేపటికి, "ఉంటాదో లేదో తెలీదు నాయనా. భయంగా ఉంది" అన్నాడు.

ఆ రెండు ముక్కలకీ అతనికి నాలుగు నిమిషాలు పట్టింది. చెన్నకేశవులు వాటిని చివరిదాకా విన్నాడు.