నిండుకున్నది

మంచి మాట కూడా మనిషిని చంపుతుందా? ఈ సందేహం నాలో చాలా ఏళ్లుగా ఉంది. పూజలో కూర్చున్నా పోదు.

మాది హుజూరాబాద్. మగ్గాల మీద బతికిన ఇల్లు. మా ఇంట్లో బియ్యం అయిపోతే అయిపోయాయని అనరు, నిండుకున్నాయంటారు. నూనె, ఉప్పు, పసుపు ఏదైనా అంతే. "లేదు అని నోటితోటి అనకుండ్రి. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటరు" అనేది మా అవ్వ. ఆ అలవాటు మా తమ్ముడు దశరథానికి బాగా పట్టింది.

కరీంనగర్ అవతల విమానం నడపడం నేర్పే ఒక చిన్న ప్రైవేటు బడి ఉండేది. దశరథం అందులో పనిచేసేవాడు. రెండు సీట్ల విమానాల్లో డ్రమ్ముల నుంచి పెట్రోలు పోయడం వాడి పని. అక్కడే నేర్చుకుని పైలట్ అయిన వంశీధర్‌కు వాడంటే ఇష్టం. ఆ అబ్బాయి చిన్నప్పటి నుంచి హైదరాబాద్ హాస్టళ్లలో పెరిగాడు.

"దశరథమన్నా, ఒక్కసారన్న ఎక్కవా?" అని ఉడికించేవాడట.

"నాకు బస్సు ఎక్కితెనే కడుపుల తిప్పుతది సార్. మీ దాంట్ల ఎక్కితె కిందున్నోళ్ల గతేంది?"

ఆ రోజు పొద్దున వంశీధర్ ఒక్కడే బయలుదేరాడు. సీట్లో కూర్చున్నాక, "అన్నా, పెట్రోల్?" అని అడిగాడు. డ్రమ్ము అడుగంటింది, కొత్తది ఇంకా రాలేదు. తమ్ముడు విమానంలో ఏమీ పోయలేదు. ఆ సంగతే చెబుతూ "నిండుకున్నది సార్" అన్నాడు. వంశీధర్ బొటనవేలు పైకెత్తి చూపి వెళ్లిపోయాడు. ఉన్నదానితో దగ్గరలోనే ఒక చుట్టు తిరిగి వస్తాడనుకున్నాడు తమ్ముడు. ఆ అబ్బాయి ఆదిలాబాద్ దిక్కు పోయాడు.

ఉట్నూర్ దాటాక ఇంజను ఆగిపోయింది. పత్తి చేలో దింపబోతే గట్టు తగిలి విమానం బోల్తా కొట్టింది. మంట రాలేదు. మండడానికి అందులో ఏమీ లేదు. వంశీధర్ అక్కడే చనిపోయాడు.

ట్యాంకు మూత తీసి చూసుకోవడం పైలట్ పనేనన్నారు విచారణకు వచ్చినవాళ్లు. నువ్వేం చెప్పావని అడిగితే దశరథం "లేదనే చెప్పిన" అన్నాడు. అబద్ధమాడలేదు. కొన్నాళ్లకు ఇంట్లో అన్నం తింటూ ఉన్నట్టుండి చేయి ఆపాడు.

"అన్నా, ఆ పిలగాడు నిండిందనుకున్నడా?"



వాడు ఆ పని మానేశాడు. మాటలూ తగ్గాయి. బియ్యం అయిపోతే ఖాళీ డబ్బా తెచ్చి వదినకు చూపిస్తాడు తప్ప నోరు విప్పడు.

మొన్న శ్రావణంలో, "ఆ తల్లికి చెప్త అన్నా. తిడితె తిట్టనీ" అన్నాడు. నేనూ వెంట వెళ్లాను. కరీంనగర్‌లో వంశీధర్ తల్లి సరళాదేవిగారు మమ్మల్ని కూర్చోబెట్టి అంతా విన్నారు.

"నిండుకున్నది అన్నవా?"

"అవునమ్మా, గట్లనే అన్న."

"వాడేమన్నడు?"

"బొటనవేలు చూపిచ్చి నవ్విండు."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకున్నారు. "మా అత్తమ్మ గట్లనే అనేది. నేను గూడ అంట. వినడానికి వాడు ఇంట్ల ఉన్నదెన్నడు? చిన్నగున్నప్పుడే హాస్టల్ల ఏసినం." తమ్ముడి వైపు తిరిగారు. "నీ కొడుకు చూసుకోలే, నీ కొడుకు చూసుకోలే అని అందరు అన్నరు. వాడు చూసుకోక పోలే. నిన్ను నమ్మి పోయిండు."

అది నిందో ఓదార్పో నాకు తెలియలేదు. దశరథం నేల మీదికి జారి ఏడ్చాడు.

"లే. నాకు తోడు రావాలె నువ్వు."

"యాడికమ్మా?"

"వేములవాడకు. వాడు పైలట్ అయితె రాజన్న గుడి చుట్టు కోడెను తిప్పి కడ్తనని మొక్కిన. అయిండు. మొక్కు తీర్చకముందె పోయిండు. తీస్కపోయినవ్ గద, ఇగ నీకేం బాకీ అని దేవునితోని కొట్లాడి కూసున్న. కాని, పైలట్ అయితె అయిండు గద."

సోమవారం ముగ్గురం వెళ్లాం. కోడె గుడి చుట్టూ నడవనని మొరాయించింది. "జర నడువు బిడ్డా" అని ఆమె దాని వీపు నిమిరారు. కట్టే చోట ఆమెకు ముడి పడలేదు. దశరథం ఆమె చేతులతో పాటే తాడు పట్టుకుని ముడి వేశాడు.