ఓబులమ్మ రాల్చిన ఆవాలు

పొద్దున్నే ఇల్లు ఊడ్చేటప్పుడు ఓబులమ్మ చీపురును గట్టిగా ఒత్తదు. నేలను నిమిరినట్టు మెల్లగా ఊడుస్తుంది. మంచం కిందో, గడప పక్కనో, పొయ్యి ముందరో ఒక ఆవగింజ కనిపిస్తుంది. వంగి, వేలికొనకు అంటించుకుని, కొంగు చివర ముడి వేసుకుంటుంది.

ఆమె ఏదైనా మరిచిపోయిందంటే చెవి వెనకనుంచి ఒక ఆవగింజ రాలుతుంది. కొన్నేళ్లుగా ఇదే వరస. మొదట్లో ఎప్పుడో ఒకటి రాలేది. ఈమధ్య చీపురు ముందర చిన్న కుప్పే అవుతోంది.

కోయిలకుంట్లలో ఆ వీధికి ఇది కొత్త సంగతేమీ కాదు. చర్చిలో ప్రార్థన నడుస్తుండగా గింజ రాలితే, పక్కన కూర్చున్నామె ఏరి ఓబులమ్మ చేతిలో పెట్టి మళ్లీ కళ్లు మూసుకుంటుంది. పక్కింటి నాగలక్ష్మమ్మ అయితే గోడమీదనుంచి కేకేస్తుంది. "ఓబులమ్మా, నిన్న మజ్జిగకొచ్చి మా నట్టింట్లో ఒకటి ఇడిసిపెట్టి పోయినావు, తీసుకపో!"

ఆ గింజను కాగిన నూనెలో వేస్తే చిటుక్కుమని పేలుతుంది. ఏ మాట మరిచిందో ఆ మాట, అన్నవాళ్ల గొంతుతోనే ఒక్కసారి వినిపిస్తుంది. మళ్లీ వినిపించదు. అందుకే తెలియక పడిన మొదటి గింజ తప్ప, ఓబులమ్మ వాటిని ఎన్నడూ పోపులో వేయలేదు. రేకుడబ్బాలో పోసి దాచుకుంది. వాడితే అయిపోతాయని భయం. వాటిలో ఆమె కూతురు సువార్తమ్మ ఉంది. కూతురు పోయి శానా ఏళ్లు. గోడమీది ఫోటో చూస్తే తప్ప ఆ ముఖం గుర్తు రావడం లేదు. గొంతు అసలే రావడం లేదు.

సువార్తమ్మకు ఒక్కతే బిడ్డ, కృపారాణి. తల్లి లేదు కాబట్టి కాన్పుకు అవ్వ ఇంటికే వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. మొగుడు జయపాల్ డోన్‌లో రైల్వే గూడ్సు షెడ్డులో పని చేస్తాడు. వచ్చే ఆదివారం చర్చిలో పేరు పెట్టుకోవాలని అనుకున్నారు.

బిడ్డను చూడ్డానికి వచ్చిన నాగలక్ష్మమ్మ తల తడిమి మూతి తిప్పింది.

"ఏమమ్మా, మునిమనవరాలి తల ఎనకంతా సజ్జరొట్టె మాదిరి తట్టిండాది? ఆవాల దిండు పెట్టలేదా? వాళ్లమ్మ తల సూడు, జడ లేకుంటే గోడకు ఆనిచ్చి నిలబెట్టొచ్చు!"

"నీ తలకాయ గుండ్రంగా ఉండి ఏం ఏలినావు పెద్దమ్మా?" అంది కృపారాణి నవ్వుతూ.

ఓబులమ్మ నవ్వలేదు. కృపకు పసితనంలో దిండు ఎందుకు పెట్టలేదు? వీధిలో ప్రతి బిడ్డకూ పెట్టారు. తన పిల్లకూ తాను పెట్టింది. కృపకు మాత్రం పెట్టలేదు. కారణం ఎంత తవ్వుకున్నా రాలేదు. ఆ కారణం కూడా ఎప్పుడో రాలిపోయి ఉంటుంది.

మరుసటి రోజు పాత చీర ముక్క తీసి సంచిలాగా కుట్టి, రేకుడబ్బాలోని ఆవాలన్నీ అందులో పోసింది. తన తలలో నిలవని సంగతులు బిడ్డ తల కింద ఉంటే, కొంచెమైనా ఆ తలలోకి ఇంకుతాయని ఆశ.

కృపారాణి చూసింది. సూది పట్టుకున్న ఆ చేతిని ఆపింది.

"ఎవురికవ్వా అది?"

"పాపకు. నీ మాదిరి కాకూడదని."

"అవ్వా, డాక్టరమ్మ ఏం చెప్పిందో నీకు చెప్పినా గదా. దిండు వద్దు. ఆవాలది, రాగులది, దూదిది, ఏదీ వద్దు. చీర ఉయ్యాల్లో నిద్ర పుచ్చొద్దు. చదరంగా ఉండే దానిమీద ఎల్లకిలా పండబెట్టాల. దిండు పెడితే గడ్డం రొమ్ముకు ఆనుకుంటాది. పసిబిడ్డ మెడ నిలవదు, తల ఎత్తుకోలేదు. ఊపిరి దారి మూసుకపోతాది."

"మరి తల?"

"మేలుకున్నప్పుడు మన కండ్ల ముందర బోర్లా ఏసి ఆడిస్తే అదే సర్దుకుంటాదంట. ఒక పక్కకే తిరిగి పండుకోకుండా మార్చి మార్చి పెట్టమన్నారు."

"సరేలే తల్లీ. పెట్టను."

"నా మీద ఒట్టు?"

"ప్రభువును నమ్మినోళ్లం, మనం ఒట్లు పెట్టుకోకూడదు గదమ్మే. పెట్టనంటే పెట్టను."

కుట్టిన దిండును మాత్రం పారేయలేదు. తన మంచం మీద, తలాపున పెట్టుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం కృపారాణి కుట్లు చూపించుకోవడానికి ఆసుపత్రికి బయలుదేరింది. బిడ్డ పాలు తాగి చాప మీద నిద్రపోతోంది. వీధిలో ఎండ కొడుతోంది, నాపరాళ్లు కాలుతున్నాయి. బిడ్డను ఆ ఎండలో తిప్పడం ఆమెకు ఇష్టం లేకపోయింది. గడపలో చెప్పులు వేసుకుని కూడా ఆగింది.

"పోయి ఇట్లే వస్తా. ఎల్లకిలా ఉండాది, అట్లే ఉండనీ. ఏమీ పెట్టొద్దవ్వా. దిండు పెడితే ఊపిరాడదు."

"ఎన్నిసార్లు చెప్తావమ్మే. నేనేమన్నా చిన్నపిల్లనా?"

కృపారాణి వీధి మలుపు తిరిగింది. ఓబులమ్మ చెవి వెనక సన్నగా దురద పుట్టింది. గోక్కుంది. గింజ జారి గడప లోపల పడింది. ఆమె చూసుకోలేదు.

లోపలికి వచ్చి బిడ్డ పక్కన కూర్చుంది. తల చూసింది. వెనక చదునుగా ఉంది. మంచం మీద కొత్త దిండు కనిపించింది. ఎంత ముచ్చటగా కుట్టింది! ఎవరికోసం కుట్టింది? బిడ్డకే. మరి బిడ్డకు ఎందుకు పెట్టలేదు? ఎంత మతిమరుపు!

మెల్లగా తల ఎత్తి, దిండు జరిపింది. ఆవాలు సరసరమని సర్దుకుని ఆ చిన్న తలకు గుంత చేసుకున్నాయి. బిడ్డ గడ్డం రొమ్ము మీదికి వాలింది. పడుచుదానిలా ఎంత ఒద్దికగా ఉందో అనుకుని మురిసిపోయి, ఓబులమ్మ వంటింట్లోకి పోయింది.

కృప వచ్చేసరికి ఉగ్గాని చేయాలని బొరుగులు నానేసింది. బాణలిలో నూనె పోసి పొయ్యి వెలిగించింది. పచ్చిమిరపకాయలకోసం గడప పక్కనున్న బుట్ట దగ్గరికి వచ్చినప్పుడు గింజ కనబడింది.

వేలికి అంటించుకుంది. వెచ్చగా ఉంది. పాత గింజలు చల్లగా ఉంటాయి. ఇది ఇప్పుడే రాలింది.

ఇప్పుడే ఏం మరిచింది? ఇంట్లో తానూ, పసిబిడ్డా తప్ప ఎవరూ లేరు.

అలవాటుగా చెయ్యి కొంగు ముడి మీదికి పోయింది. అక్కడే ఆగింది. ఇది సువార్త మాట అయితే? పేలితే ఇంక ఉండదు. కూతురు నోటి మాట ఒకటి పొయ్యిలో పోసినట్టే. దాచుకుంటే ఉంటుంది. కానీ ఏం మరిచిందో తెలియదు. వంటింట్లో నూనె పొగ లేస్తోంది. లోపల బిడ్డ సద్దు లేదు. నిద్రపోయే బిడ్డకు సద్దు ఉండదు కదా అనుకుంది. అయినా వంటింట్లోకి నడిచింది.

గింజను బాణలిలో వేసింది.

ఒక క్షణం ఊరికే తిరిగింది. తర్వాత చిటుక్కుమంది.

"ఏమీ పెట్టొద్దవ్వా. దిండు పెడితే ఊపిరాడదు."

కృప గొంతు.

మోకాళ్ల నొప్పి ఏమైందో, ఎట్లా పరిగెత్తిందో ఓబులమ్మకు తెలియదు. బిడ్డ ముఖం రొమ్ములో కూరుకుని ఉంది. పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి. రొమ్ము ఎగరడం లేదు. దిండును లాగి అవతలికి విసిరింది. బిడ్డను ఎత్తి, మెడను అరచేతిలో నిలిపి, వీపు రుద్దింది. అరికాళ్లు గోటితో గీకింది.

"అమ్మా, నా తల్లీ, పీల్చమ్మా. ప్రభువా, నా ఊపిరి తీసుకో, దీనికియ్యి."

చేతుల్లో బిడ్డ తడిగుడ్డలాగా వేలాడింది. తర్వాత ఒక వెక్కు వచ్చింది. ఇంకొకటి. ఆ తర్వాత వచ్చిన ఏడుపుకు నాగలక్ష్మమ్మ గోడ దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"ఆటో పిలువు నాగలక్ష్మమ్మా! ఆసుపత్రికి పోవాల!"

ఆసుపత్రి వసారాలోనే కృపారాణి ఎదురైంది. ఓబులమ్మ ఏదీ దాచలేదు. ఒక్కొక్క మాటా చెప్పింది. కృపారాణి బిడ్డను లాక్కుని లోపలికి పోయింది. డాక్టరమ్మ ఊపిరి విని, వేలికి క్లిప్పు పెట్టి చూసి, ఆ పూటంతా తన కళ్ల ముందరే ఉంచుకుని, భయం లేదని పొద్దుగూకే ముందు పంపింది.

దారంతా కృపారాణి బిడ్డను ఓబులమ్మ చేతికి ఇవ్వలేదు. ఇంటికొచ్చి సంచి సర్దింది. ఫోనులో జయపాల్ గట్టిగా అరవడం బయటికి వినిపించింది.

"పొద్దున్నే బండి తెస్తా. ఇంగ ఆడ ఒక్క దినం ఉండొద్దు!"

ఓబులమ్మ నట్టింట్లో పడి ఉన్న దిండు తీసుకుంది. పొయ్యి ముందర కూర్చుని, కుట్లు విప్పింది. ఆవాలన్నీ పళ్లెంలో పోసింది. మధ్యాహ్నపు నూనెనే మళ్లీ వేడి చేసింది.

"ఏం చేస్తాండావవ్వా?"

"నా కాడ ఉంటే ఏం లాభం తల్లీ. నా తలలో నిలవవు. నువ్వన్నా ఇని పో."

బిడ్డ నట్టింట్లో, ఇద్దరికీ కనబడేచోట, చాప మీద వెల్లకిలా పడుకుని ఉంది. కృపారాణి సంచి పక్కన పెట్టి, వంటింటి గడపలో కూర్చుంది. ఓబులమ్మ ఒక్కొక్క గింజే వేసింది. ఎవరో ఉప్పు అడిగారు. పోస్టుమాన్ పేరు పిలిచాడు. పాస్టరయ్య దగ్గాడు. నాగలక్ష్మమ్మ వయసులో ఉన్నప్పటి గొంతుతో ఎవరినో తిట్టింది. కృపారాణికి నవ్వాగలేదు, కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది.

ఒక గింజ శానాసేపు పేలలేదు. పేలినప్పుడు ఇద్దరికీ తెలియని గొంతు వచ్చింది. పడుచు గొంతు, అలసిన గొంతు.

"వద్దులేమ్మా, ఆ దిండు తీసెయ్. తల పలక మాదిరి ఉంటే ఏమాయ, జడేస్తే కనపడదు. నా బిడ్డకు ఊపిరి బాగా ఆడనీ."

నూనె నిమ్మళించింది. కృపారాణి చెయ్యి తనకు తెలియకుండానే జడ కిందికి, తల వెనకకు పోయింది. ఆ చదునును అరచేతితో కప్పుకుని అట్లాగే కూర్చుంది. ఓబులమ్మ గోడమీది ఫోటో వంక చూసింది.

కాసేపటికి కృపారాణి ఫోను తీసింది.

"బండి తేవొద్దు. నువ్వే రా, ఆదివారం. ... లేదు, పాపను ఒంటరిగా ఇడిసిపెట్టను. అవ్వను గూడా."

పొద్దున ఓబులమ్మ ఇల్లు ఊడుస్తుంటే గడప దగ్గర గింజ ఒకటి దొర్లింది. ఆమె వంగేలోపల కృపారాణి ఏరింది. వెచ్చగా ఉంది. కొంగులో ముడి వేయలేదు. పోయి పొయ్యి వెలిగించింది.